పందెపు డ్రోనులు - ప్రొపెల్లరు పొందిక

(సంఘము వారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో ఇరువది నిమిషములు మాట్లాడవలెనని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, ఏ ప్రబంధమును గూర్చియో, ఏ శతకమును గూర్చియో మాట్లాడుదునని వారు తలచి యుందురు. నేను చదివినది ఆర్ట్సు. చేయుచున్నది సచివాలయములో ఫైళ్ల పని. అట్టి నేను పందెపు డ్రోనులకు ప్రొపెల్లరు ఎట్లు ఎన్నుకొనవలెనో చెప్పబూనుట సాహసమే. కాని ఈ విద్య నాకు పుస్తకముల వలన వచ్చినది కాదు. మా అమ్మాయి వలన వచ్చినది. కొంత నష్టపడి నేర్చుకొంటిని. నష్టపడి నేర్చినది నలుగురికి చెప్పిన మంచిదని సాహసించుచున్నాను.

మనలో చాలమంది బాల్యమున తాటాకు ముక్కను అడ్డముగా మడిచి, నడుమ తుమ్మముల్లు గ్రుచ్చి, పుల్లకు తగిలించి, గాలికి ఎదురుగా పరుగెత్తినవారమే. ఆకు చదునుగా ఉన్నచో అది తిరుగదు. రెండు కొనలను కొంచెము మెలిత్రిప్పినచో గిరగిర తిరుగును. మరీ ఎక్కువగా త్రిప్పినచో మరల మొరాయించును. ఎంత మెలి యుండవలెనో మనకు ఎవరును చెప్పలేదు. పరుగెత్తి చూచి మన చేతులే తెలిసికొన్నవి. నేటి ప్రసంగ విషయమంతయు ఆ మెలికలోనే ఉన్నది. భేద మేమనగా, అక్కడ గాలి ఆకును త్రిప్పెను. ఇక్కడ మోటారు రెక్కను త్రిప్పి గాలిని క్రిందికి నెట్టును.

పందెపు డ్రోను అనగా నాలుగు చేతులు గల ఒక కర్బన తంతుల చట్రము. ఒక్కొక్క చేతి చివర ఒక మోటారు, దానిపై ఒక ప్రొపెల్లరు. ముందు భాగమున చిన్న కెమేరా. నడపువాడు నేలపై కుర్చీలో కూర్చుండి, కండ్లకు అద్దాల పెట్టె తగిలించుకొని, ఆ కెమేరా చూచునదే తానును చూచుచు, ద్వారముల గుండ దానిని దూర్చును. ఈ క్రీడ మిక్కిలి క్రొత్తది. 2016 మార్చిలో దుబాయిలో జరిగిన పెద్ద పందెమున గెలుపొందిన జట్టుకు నాయకుడు పదునైదేండ్ల ఆంగ్ల బాలుడు. అంతర్జాతీయ వైమానిక క్రీడా సమాఖ్య వారి మొదటి ప్రపంచ పోటీలు 2018లో చైనాలోని షెన్‌జెన్ నగరమున జరిగినవి. అందును పదునైదేండ్ల ఆస్ట్రేలియా బాలుడే నెగ్గెను. కాబట్టి ఈ విద్యలో పిన్నలు గురువులగుటయు, పెద్దలు శిష్యులగుటయు వింత కాదు.

మా యింట ఈ గొడవ ఆరంభమై రెండేండ్లు దాటినది. అప్పుడు మా అమ్మాయి పదునొకండవ తరగతి. డ్రోను భాగములకు డబ్బు కావలెనని అడిగినది. నేను అలవాటు చొప్పున, "ఇంత ఖర్చు ఏల? తక్కువలో పని జరుగదా? అవసరమేమో వ్రాసి తెమ్ము" అంటిని. మరునాడే ఒక కాగితము మీద మూడు గడులు గీసి, వస్తువు, వెల, కారణము వరుసగా వ్రాసి తెచ్చి నా ముందుంచినది. ఆ నోటులో వంక పెట్టుటకు నాకు చోటు దొరకలేదు. మంజూరు చేసితిని. అంతటితో ఊరకుండిన బాగుండెడిది.

ఆమె మొదటి పందెమునకు వెళ్లవలసిన దినమునకు ముందటి సాయంత్రము నేను లజపతిరాయ్ మార్కెట్టు వైపు వెళ్లి, ఆమెకు ఆశ్చర్యము కలిగింపవలెనని ఒక బ్యాటరీ కొని తెచ్చితిని. ఆమె వాడునది నాలుగు గడుల బ్యాటరీ. నేను తెచ్చినది ఆరు గడులది. నాలుగుకంటె ఆరు పెద్దది; పెద్దది మేలైనది; ఇదియే నా లెక్క. ఇంటికి రాగా అమ్మాయి లేదు. డ్రోను బల్లమీద ఉన్నది. రెండు బ్యాటరీలకును ఒకే విధమైన పసుపుపచ్చని తొడుగు. తగిలించి చూతమని తగిలించితిని. టప్పుమని ఒక శబ్దము, వెనువెంటనే పొగ, కాలిన వాసన. మోటారులకు విద్యుత్తును పంచు ఇ.ఎస్.సి. పలక క్షణములో మాడిపోయినది.

అమ్మాయి వచ్చి చూచినది. నన్ను ఏమియు అనలేదు. అన్నచో బాగుండెడిదని నాకు తోచినది. కిటికీ తెరచి, బ్యాటరీని వెలుపల ఇసుక బకెట్టులో పెట్టి, తన నోటుబుక్కు తీసి మూడు పంక్తులు వ్రాసికొని పండుకొన్నది. మరునాడు పందెమునకు వెళ్లలేదు. ఆ సాయంత్రము నేను ఆ పుస్తకము తెరచి చూచితిని. "మార్చినది: బ్యాటరీ. ఫలితము: పలక కాలినది. కారణము: అడుగకపోవుట." సర్వీసులో చేరిన నాటినుండి ఎన్నియో నోటులు చదివితిని గాని, ఇంత క్లుప్తముగా నన్ను తప్పుపట్టిన నోటు మరియొకటి చదువలేదు. ఆ రాత్రియే, "అమ్మా, ఇదంతయు నాకు మొదటినుండి చెప్పుము" అని అడిగితిని. ఆమె చెప్పినదానిని నాకు తెలిసిన మాటలలో మీకు విన్నవింతును.

ప్రొపెల్లరు మీద రెండు ముఖ్యమైన అంకెలుండును. మొదటిది వ్యాసము, రెక్క గీయు వలయము ఎన్ని అంగుళములో అది తెలుపును. రెండవదానిని పిచ్ అందురు. ఈ మాట మొదట విన్నప్పుడు మా అమ్మగారు, "పిచ్చి ఎక్కువైతే వేగం ఎక్కువట! సరిపోయింది" అని నవ్వినారు. పిచ్ అనగా, చెక్కలో దిగు మరమేకు వలె, ప్రొపెల్లరు జారక ఒక చుట్టు తిరిగినచో ఎన్ని అంగుళములు ముందుకు సాగునో ఆ కొలత. ఇదియే మన తాటాకు మెలిక. 5043 అని ఉన్నచో వ్యాసము 5 అంగుళములు, పిచ్ 4.3 అంగుళములు అని అర్థము.

ఒక చిన్న లెక్క చూడుడు. 4.3 అంగుళముల పిచ్ గల ప్రొపెల్లరు నిమిషమునకు 30,000 చుట్లు తిరిగినచో, కాగితము మీద దాని వేగము గంటకు సుమారు 197 కిలోమీటర్లు. అదే చుట్లతో పిచ్ 4.9 అంగుళములైనచో సుమారు 224 కిలోమీటర్లు. ఇది చూచి అందరును 4.9 నే ఎన్నుకొందురు, నేనును ఎన్నుకొందును. కాని "అదే చుట్లతో" అను మాటలోనే మోసమున్నది. పిచ్ పెరిగిన కొలది రెక్క గాలిని ఎక్కువ కోసి పట్టును, మోటారుకు బరువెక్కును, చుట్లు తగ్గును, బ్యాటరీనుండి గుంజుకొను విద్యుత్తు పెరుగును. గేర్లు గల సైకిలుతో దీనిని పోల్చవచ్చును. పెద్ద గేరు చదునైన రోడ్డుమీద హాయిగా నుండును. ప్రతి మలుపుకడను ఆగి మరల బయలుదేరవలసి వచ్చినచో మోకాళ్లు పట్టివేయును. పందెపు దారిలో చదునైన రోడ్డు తక్కువ, మలుపులు ఎక్కువ.

వ్యాసము సంగతి ఇంతకంటె కఠినము. చుట్లు మారకున్నచో, పైకెత్తు బలము వ్యాసము యొక్క నాలుగవ ఘాతమున పెరుగును. అందుకు కావలసిన శక్తి అయిదవ ఘాతమున పెరుగును. ఆర్ట్సు చదివినవారికై దీనిని విడమరచి చెప్పెదను. వ్యాసమును 5 అంగుళములనుండి 5.5 అంగుళములకు, అనగా నూటికి పది పాళ్లు, పెంచినచో బలము సుమారు 46 పాళ్లు పెరుగును. కాని ఖర్చు సుమారు 61 పాళ్లు పెరుగును. 5 నుండి 5.1 కి పెంచినను ఖర్చు పది పాళ్లు పెరుగును. రాబడికంటె ఖర్చు వేగముగా పెరుగు పద్దును ఆర్థికశాఖలో ఎవరును కన్ను మూసికొని ఒప్పుకొనరు. దానికితోడు పెద్ద రెక్క బరువైనది. మోటారు దానిని వేగపరచుటకును, నిదానింపజేయుటకును కాలము పట్టును. డ్రోను తిరుగుట, నిలుచుట యంతయు నాలుగు మోటారుల వేగములను క్షణక్షణము హెచ్చించి తగ్గించుటచేతనే జరుగును గనుక, రెక్క బరువు చేతికి వెంటనే తెలియును.

తరువాత రెక్కల సంఖ్య. రెండు రెక్కలది తక్కువ విద్యుత్తుతో ఎక్కువ సేపు ఎగురును. మూడు రెక్కలది కొంచెము ఎక్కువ తినును. కాని మలుపులలో గాలిని బాగుగా పట్టుకొని పక్కకు జారనీయదు. అందుచేతనే అయిదంగుళముల పందెపు డ్రోనులలో మూడు రెక్కలవే ఎక్కువ వాడుక. ఇక పదార్థము. పాలికార్బనేటు రెక్క ద్వారమునకు తగిలినప్పుడు వంగును. చేతితో సరిచేసి ఆ రౌండు ముగింపవచ్చును. గాజునార కలిపిన నైలాను రెక్క బిరుసైనది, తగిలినచో విరుగును. కాని వంగిన రెక్కను పదే పదే సరిచేసి వాడరాదు. కంటికి కనబడని వంపు కూడ డ్రోనును వణికించును. ఆ వణుకును అణచుటకు యంత్రము లోలోపల పెనుగులాడి మోటారులను వేడెక్కించును. రెక్క వెల స్వల్పము, మోటారు వెల అనల్పము.

ఇప్పుడు నా పాపము దగ్గరకు వచ్చెదను. ప్రతి మోటారుకును కె.వి. అను అంకె ఒకటి కలదు. బరువేమియు లేనప్పుడు ఒక్కొక్క వోల్టుకు నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగునో అది చెప్పును. బ్యాటరీలో ఒక్కొక్క గడి సగటున 3.7 వోల్టులు. నాలుగు గడులైనచో 14.8, ఆరు గడులైనచో 22.2. మా అమ్మాయి మోటారుల కె.వి. 2500. దానిని 14.8 చే గుణించినచో 37,000 చుట్లు. నేను తెచ్చిన బ్యాటరీతో 55,500. ఆ మోటారులు, ఆ పలక అందుకు పుట్టినవి కావు. అట్లని ఆరు గడుల బ్యాటరీ చెడ్డదియు కాదు. నేటి పందెములలో దానినే ఎక్కువగా వాడుచున్నారు. కాని దానికి 1700 మొదలు 2000 వరకు కె.వి. గల మోటారులను, దానిని తట్టుకొను పలకను జతచేయుదురు. 1700 ను 22.2 చే గుణింపుడు, 37,740. ఇంచుమించు పాత లెక్కయే! అదే పని తక్కువ ఆంపియరులతో జరుగును గనుక తీగలు తక్కువ వేడెక్కును. చూచితిరా? నేను తెచ్చినది మేలైన వస్తువే. చేరిన చోటు తప్పు. ఒక శాఖలో దక్షుడైన ఉద్యోగిని అతనికి సంబంధములేని శాఖకు బదిలీ చేసినట్లైనది.

కాబట్టి ఏ ప్రొపెల్లరు మంచిదని అడిగిన ప్రశ్నకు జవాబు లేదు. ఈ మోటారుకు, ఈ బ్యాటరీకి, ఈ బరువుకు, ఈ దారికి, ఈ దినమునకు ఏది మంచిదని అడుగవలెను. దినమునకు అనుట అతిశయోక్తి కాదు. ఢిల్లీవాసులమైన మనకు ఇది బాగుగా తెలియవలసిన సంగతి. జనవరి ఉదయము 5 డిగ్రీల చలిలోని గాలికంటె మే మధ్యాహ్నము 45 డిగ్రీల ఎండలోని గాలి నూటికి పండ్రెండు, పదుమూడు పాళ్లు పలుచన. రెక్క పట్టుకొనుటకు గాలియే తక్కువైనచో బలము తగ్గును. మోటారును చల్లార్చుటయు తగ్గును. శీతకాలమున గాలి చిక్కనిదే గాని బ్యాటరీ మందగించును. దానిని జేబులో వెచ్చగా నుంచి ఎగురవేయుటకు ముందు తీయవలెను.

పొందిక కనుగొనుటకు మా అమ్మాయి అనుసరించు పద్ధతి చాల సామాన్యము. ఒక్కసారి ఒక్కదానినే మార్చును. ప్రొపెల్లరు మార్చినచో బ్యాటరీ మార్చదు. బ్యాటరీ మార్చినచో ప్రొపెల్లరు మార్చదు. మొదట అర నిమిషము ఎగురవేసి దించి, బ్యాటరీ విప్పి, మోటారులను ముట్టి చూచును. వేలు నిలుపలేనంత వేడి యున్నచో ఆ రెక్క ఆ మోటారుకు తగదు. చల్లగా నున్నచో మరల బ్యాటరీ తగిలించి, ఒక పందెమునకు పట్టునట్లు రెండు నిమిషములు ఎగురవేసి, గడికి ఎన్ని వోల్టులు మిగిలినవో కొలుచును. 3.5 కంటె దిగజారినచో ఆ పొందిక పందెము ముగియువరకు నిలువదు. తేది, ఎండ, రెక్క, మోటారు వేడి, మిగిలిన వోల్టులు, చేతికి తోచినది - ఇవన్నియు పుస్తకములో వ్రాయును. ఈ వ్రాతపని ఆమె నాకు అప్పగించినది. నేను ఇంటిలో నిర్వహించిన రికార్డులలో ఇంత శ్రద్ధగా నిర్వహించినది మరియొకటి లేదు.

పిల్లల తలిదండ్రులకు రెండు హెచ్చరికలు చేయవలసి యున్నది. అయిదంగుళముల రెక్క నిమిషమునకు 30,000 చుట్లు తిరుగునప్పుడు దాని కొన గంటకు 700 కిలోమీటర్లకు పైబడిన వేగముతో పోవును. అది ప్లాస్టిక్కు కాదు, కత్తి. ఇంటిలో బల్లమీద డ్రోనును పరీక్షించునప్పుడు రెక్కలను ఊడదీయుట విధి. ఆ సాయంత్రము నేను బ్యాటరీ తగిలించినప్పుడు రెక్కలు లేవు. అమ్మాయి అలవాటు చొప్పున వానిని విప్పి డబ్బాలో పెట్టి పోయినది. లేనిచో నేడు ఈ కాగితములను ఏ చేతితో పట్టుకొని యుందునో చెప్పజాలను. ఉబ్బిన బ్యాటరీని వాడరాదు. చార్జి చేయునప్పుడు విడిచి పోరాదు. కొన్ని దినములు వాడనిచో గడికి 3.8 వోల్టుల వద్ద నిలిపి యుంచవలెను.

రెండవది చట్టము. 2021 ఆగస్టు 25వ తేదీన ప్రకటింపబడిన డ్రోను నియమముల ప్రకారము 250 గ్రాములకు మించనివి నానో తరగతి. అందుకు పైబడి 2 కిలోల వరకు మైక్రో తరగతి. బ్యాటరీతో 600, 700 గ్రాములుండు మా పందెపు డ్రోను మైక్రో తరగతికి చెందును. వ్యాపారమునకు కాక ఎగురవేయు మైక్రో డ్రోనుకు పైలటు సర్టిఫికెట్టు అక్కరలేదని ఆ నియమములు చెప్పినవి. కాని ఎక్కడబడితే అక్కడ ఎగురవేయవచ్చునని చెప్పలేదు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలములను చూపు ప్రభుత్వ పటమును ప్రతిసారియు చూచియే బయలుదేరవలెను. 2022 జనవరి 29న విజయ్ చౌక్‌లో బీటింగ్ రిట్రీట్ నాడు వేయి డ్రోనులు ఆకాశమున దీపములు వెలిగించుట మనలో పెక్కురు చూచినారు. అది చూచి మన కార్యాలయపు మేడమీద మనమును ఒకటి ఎగురవేయుదమని ఎవరును తలపవలదు! మేము ఆదివారముల తెల్లవారుజామున నగరము దాటి చాల దూరము పోవుదుము.

గత ఏప్రిలులో ఒక కళాశాల మైదానమున పందెము జరిగినది. ఎండ 42 డిగ్రీలు. దారి ఇరుకైనది, ద్వారములు దగ్గర దగ్గరగా నున్నవి. మా పెట్టెలో రెండు రకముల రెక్కలున్నవి, రెండును 5.1 అంగుళములవే, మూడేసి రెక్కలవే. ఒకదాని పిచ్ 4.9, రెండవదాని పిచ్ 4.3. తక్కినవారిలో పలువురు పెద్ద పిచ్ బిగించుచుండుట నేను చూచితిని. నా మనస్సు పాత లెక్కవైపు లాగినది. అయినను నోరు మెదపక పుస్తకము తెరచి చూపితిని. క్రిందటి మే నెల పుటలో, "4.9: మోటారులు పట్టలేని వేడి, మిగిలిన వోల్టులు 3.3" అని నా చేవ్రాలుననే యున్నది. అమ్మాయి ఒక్కమారు చూచి 4.3 బిగించినది.

ఆమె గెలిచినదని చెప్పినచో ఈ ప్రసంగమునకు మంచి ముగింపు దొరకును గాని అది నిజము కాదు. నాలుగవ స్థానము వచ్చినది. కాని అన్ని రౌండులను పూర్తిచేసినది. ఒక్క మోటారును చెడలేదు. చివరి రౌండులో తిన్నని దారిలో ఆమెను దాటిపోయిన రెండు డ్రోనులు మలుపులో వెలుపలికి జారిపోగా, ఆమె లోపలి అంచున నిదానముగా తిరిగి పోయినది. ముగ్గురు ఆమెకంటె బాగుగా నడిపినారు. ఆ మాట ఆమెయే చెప్పినది. పుస్తకములో అట్లే వ్రాసితిని.

అయితే నేను ఎన్నటికిని మరువజాలనిది ఆ ఫలితము కాదు. ఆ చివరి రౌండుకు ముందు ఆమె కండ్లకు అద్దాల పెట్టె తగిలించుకొని కుర్చీలో కూర్చుండి, చేయి చాచి, "నాన్నగారూ, బ్యాటరీ మీరే తగిలించండి" అన్నది. ఒక సంవత్సరము పైగా ఆ పని నాకు ఇచ్చినది కాదు. నేను అడుగనును లేదు. బ్యాటరీ చేతికి తీసికొని గడులను ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పైకి లెక్కించితిని. "నాలుగే" అంటిని. "తెలుసు, తగిలించండి" అన్నది.

సోదరులారా, మన పిల్లలకు బలము చేకూర్పవలెనను కోరిక మనకందరకును కలదు. పెద్ద అంకెను చూచి కొనివచ్చి, వారిని అడుగక తగిలించుటయు మనకు అలవాటే. పుస్తకములు, కోచింగులు, ఉద్యోగములు, సంబంధములు సైతము అట్లే తగిలించుచున్నాము. తగిలించుటకు ముందు ఒక్కమాట అడుగుట వలన పోవునదేమియు లేదు. అడిగినచో వారు చెప్పుదురు. మనకంటె బాగుగానే చెప్పుదురు.

పిల్లలు ఎవరైన ఈ విద్య నేర్వగోరినచో అయిదంగుళముల దానితో ఆరంభింపవలదు. అరచేతిలో ఇముడు 65 మిల్లీమీటర్ల చట్రము, 31 మిల్లీమీటర్ల రెక్కలు, ఒక్క గడి బ్యాటరీ గల చిన్న డ్రోను దొరకును. రెక్కల చుట్టును కంచె యుండును; తగిలినను గాయము కాదు. కార్యదర్శిగారు అనుమతించినచో రానున్న వేసవి సెలవులలో ఒక ఆదివారము మన సంఘపు హాలులోనే, కుర్చీలను ద్వారములుగా నిలిపి, చూపుటకు మా అమ్మాయి సిద్ధముగా నున్నది. నేను పుస్తకము వ్రాయుదును.